మనం తిరిగొచ్చాక యాసోను సంగతేమిటి?

వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే మా దగ్గరికి యౌవనస్థుల రాక మొదలవుతుంది. చేతిలో రంగుల కరపత్రం, ఫోన్‌లో ఓ ఫారం. "అయ్యగారూ, పది రోజుల మిషన్ ట్రిప్. సంఘకాపరి సిఫార్సు ఉత్తరం కావాలంట. సంఘం నుంచి కొంచెం సాయం కూడా చేస్తే..." అని నసుగుతారు. ఈ ఏడాది వచ్చిన కరపత్రంలో రెండు దేశాలున్నాయి. ఒక రోజు గ్రామ సువార్త, ఒక రోజు అనాథాశ్రమ సందర్శన, ఒక రోజు ప్రార్థనా నడక. చివరి రెండు రోజులు విశ్రాంతి, షాపింగ్. మనిషికి ఎనభై వేల పైచిలుకు.

ఉత్తరం వెంటనే రాసివ్వలేదు. పిల్లలు చిన్నబుచ్చుకున్నారు. "మీరు మాత్రం వెళ్ళొచ్చారు కదయ్యా" అని వారిలో ఒకమ్మాయి అననే అంది. వెళ్ళొచ్చాం, నిజమే. వెళ్ళొచ్చినవాళ్ళం కాబట్టే ఈ నాలుగు మాటలు రాయాల్సి వస్తోంది. ఆ కథ పూర్తిగా ఎప్పుడూ మన సంఘాల్లో చెప్పలేదు. తిరిగొచ్చిన ఆదివారం స్లైడ్లు వేసి చూపించాం, చప్పట్లు కొట్టారు, అంతటితో సరి.

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చింది. దాదాపు తొమ్మిది వేల మంది చనిపోయారు. ఆ రోజు శనివారం, మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. నేపాల్‌లో వారపు సెలవు శనివారం, అందుకని సంఘాలు ఆరాధనకు కూడుకునేది కూడా శనివారమే. భూమి కదిలే వేళకు ఎంతోమంది విశ్వాసులు ప్రార్థనలో ఉన్నారు. కొండ ఊళ్ళలో రాయీ మట్టీ పేర్చి కట్టిన మందిరాలు వాళ్ళ మీదే కూలాయి. ఆ వార్త చదివి వినిపించినప్పుడు మా సంఘంలో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు.

మాది బెంగళూరులో ఒక తెలుగు సంఘం. అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి తాతల నాడు వచ్చిన కుటుంబాలు. వీధులు ఊడ్చే పౌరకార్మికులు, ఇల్లు కట్టే కూలీలు, మేస్త్రీలు, ఇళ్ళలో పనిచేసే తల్లులు. వాళ్ళ పిల్లలు కొందరు ఇప్పుడు ఐటీలో ఉన్నారు, కొందరు కాల్ సెంటర్లలో. నేపాల్ కోసం ఏడాది పొడుగునా కానుక పోగుచేశాం. గుప్పెడు బియ్యం అమ్మగా వచ్చింది కొంత, యౌవనస్థులు కార్లు కడిగి సంపాదించింది కొంత. తెల్లారకముందే చీపురు పట్టుకుని రోడ్డెక్కే ఒక అక్క రుమాల్లో కట్టుకొచ్చిన ఐదు వందల నోటు తీసి, "అక్కడ గుడి పైకప్పుకి" అని ఇచ్చింది. కాంట్రాక్టరు రెండు నెలలుగా జీతం ఇవ్వని రోజులవి. ఆ నోటు సంగతి మళ్ళీ చెప్తాం.

2016 మే నెలలో ఎనిమిది మందిమి బయల్దేరాం. గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సులో సునౌలీ, కాలినడకన సరిహద్దు దాటడం, మళ్ళీ బస్సులో రాత్రంతా ఖాట్మండూకి, చివరికి జీపులో సింధుపాల్‌చోక్ జిల్లాలోని ఒక ఊరికి. భూకంపంలో అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు పోయిన జిల్లా అదే. ఆ ఎనిమిది మంది ఎవరు అన్నది ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. మా సంఘంలో గోడ కట్టడం, రేకు వేయడం క్షుణ్ణంగా తెలిసిన మేస్త్రీలు ముగ్గురున్నారు. పదిహేను రోజులు కూలి పోగొట్టుకునే స్తోమత లేక వాళ్ళు రాలేదు. వెళ్ళింది సెలవు దొరికినవాళ్ళం. ఒక కాపరి, ఇద్దరు కాలేజీ పిల్లలు, ఐదుగురు కంప్యూటర్ ఉద్యోగులు. ఒకే రంగు టీషర్టులు కుట్టించుకున్నాం. వీపు మీద వాక్యం.

మేం తెలుసుకోకుండా వెళ్ళిన సంగతులు చాలా ఉన్నాయి. ఒక్కటి చెప్తే చాలు. 2015 సెప్టెంబర్‌లో నేపాల్ కొత్త రాజ్యాంగం ప్రకటించుకున్న వెంటనే భారత్ నుంచి సరుకు లారీలు సరిహద్దులో నిలిచిపోయాయి. దాదాపు నాలుగున్నర నెలలు గ్యాసు లేదు, డీజిల్ లేదు, మందులు అందలేదు. మదేశీల ఆందోళన వల్ల ఆగాయని మన ప్రభుత్వం అంది. భారతే ఆపిందని నేపాలీలు అన్నారు, ఇప్పటికీ అంటారు. ఇళ్ళు కూలి రేకుల కింద ఉన్న జనం ఆ చలికాలమంతా పుల్లలతో వండుకున్నారు. అది ముగిసిన మూడు నెలలకు మేం వెళ్ళి "భారతదేశం నుంచి ప్రేమతో" అని బ్యానరు కట్టాం. టీ కొట్టు దగ్గర ఒక ముసలాయన దాన్ని చూసి పక్కకు ఉమ్మేశాడు. ఆయన క్రీస్తు విరోధి అనుకుని ఆ రాత్రి ఆయన కోసం ప్రార్థన చేశాం. సంగతేమిటో మాకు బోధపడింది ఇంటికొచ్చి వార్తలు తిరగేసినప్పుడు.

శనివారం ఆరాధన గురించి ఏడ్చినవాళ్ళమే కదా, మా కార్యక్రమం కాగితంలో మాత్రం ఆదివారం పదింటికి ఆరాధన అని రాసుకెళ్ళాం. ఆదివారం ఉదయం బైబిళ్ళు పట్టుకుని తయారై కూర్చుంటే, కాపరి పొలం నుంచి మట్టి కాళ్ళతో వచ్చాడు. మా కోసం ఊళ్ళోవాళ్ళని మళ్ళీ పిలిపించాడు. ఆ రోజు పని మానుకుని వచ్చారు వాళ్ళు. మేం ఇంగ్లీషులో చెప్పింది ఆయన నేపాలీలో చెప్తే, మరొకరు తమాంగ్ భాషలో చెప్పారు. ఇరవై నిమిషాల ప్రసంగం గంట దాటింది. సహించడం గురించే ఆ ప్రసంగం.

రేకుల పని మాత్రం ఉత్సాహంగా చేశాం. కూలిన మందిరం స్థానంలో కర్రలు పాతి జస్తా రేకులతో షెడ్డు వేయాలి. ముడతల రేకుకు మేకు గట్టు మీద కొట్టాలి, పల్లంలో కొడితే ఆ కన్నంలోంచి నీళ్ళు దిగుతాయి. మా మేస్త్రీల్లో ఎవరినడిగినా నిద్రలో కూడా చెప్తారు. మాకు తెలియదు. ఆ ఊరివాళ్ళకు తెలుసు, కానీ అతిథులకు చెప్పడానికి మొహమాటపడ్డారు. మేం ఫోటోలు దిగి వచ్చేశాక, వానలకు ముందు, మొత్తం ఊడదీసి మళ్ళీ వేసుకున్నారు. అన్ని రోజులూ రెండు పూటలా మాకు పప్పన్నం పెట్టింది ఆ కాపరి ఇల్లే. నీళ్ళు కింద ధార దగ్గర్నుంచి ఆయన భార్య, కూతురు మోశారు. ఐదో రోజుకి ఇంట్లో బియ్యం అయిపోతే కొడుకు కిందికి దిగి అప్పు మీద తెచ్చాడని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఇక లెక్క. మొత్తం ఖర్చు 1,46,000 రూపాయలు. రానుపోను ప్రయాణాలు, దారిలో బసలు, జీపు కలిపి 1,04,000. టీషర్టులు, బ్యానర్లు 6,000. పాత బట్టలు, మందులు మోయించడానికి 11,000. ఆ సంఘం చేతిలో పెట్టింది 25,000. పాత బట్టల్లో ఎక్కువ నూలు చీరలు, కొండ మీద చలికి అవి పనికిరావు. అక్క ఇచ్చిన ఐదు వందల్లో పైకప్పు దాకా ఎంత చేరిందో మీరే భాగించి చూడండి. నూరు రూపాయలు కూడా నిండవు.

ఇది మా ఒక్క సంఘం తెలివితక్కువతనం అనుకోవద్దు. 1998లో మిచ్ తుఫాను హోండురాస్‌ను ముంచేసినప్పుడు ఉత్తర అమెరికా సంఘాల నుంచి ఎన్నో బృందాలు ఇళ్ళు కట్టడానికి వెళ్ళాయి. అక్కడే ఉండి పాఠాలు చెప్పే కర్ట్ వెర్‌బీక్ అనే క్రైస్తవ సామాజిక శాస్త్రవేత్త తర్వాత ఆ ఇళ్ళ లెక్క తీశాడు. స్థానిక క్రైస్తవ సంస్థ కడితే ఇంటికి సుమారు 2,000 డాలర్లు పడింది. బయటి బృందం వచ్చి కడితే, విమానం ఖర్చుతో కలిపి, సుమారు 30,000 డాలర్లు. ఒక ఇంటి ఖర్చుకి పదిహేను ఇళ్ళు. అందులో ఉండే కుటుంబాలను అడిగితే, ఎవరు కట్టినదైనా ఇల్లు ఇల్లే అన్నారు, వచ్చిన అతిథుల వల్ల తమ జీవితంలో తేడా ఏమీ చెప్పలేకపోయారు. ఆ డబ్బు పంపితే ఇంకొన్ని ఇళ్ళు లేచేవి కదా అన్నారు. వెళ్ళొచ్చినవాళ్ళ జీవితాలైనా మారాయా అంటే, వాళ్ళు తమ నోటితో చెప్పుకున్నంత మార్పు వాళ్ళిచ్చే కానుకల లెక్కల్లో కనబడలేదు.

ఇంతవరకూ చెప్పింది డబ్బు సంగతి. డబ్బు నష్టమైతే ఓర్చుకోవచ్చు. మమ్మల్ని ఈ రోజుకీ నిద్రపోనివ్వనిది మరొకటి ఉంది.

వచ్చేసే ముందు రోజు సాయంత్రం పిల్లల్ని పోగుచేసి బిస్కెట్లు పంచాం. "యేసయ్య మిమ్మల్ని దీవించాలని కోరుకునేవాళ్ళు చేతులెత్తండి" అన్నాం. అందరూ ఎత్తారు. బిస్కెట్ల పొట్లాలు ఇంకా సగం చేతిలోనే ఉన్నాయి, ఎవరెత్తరు? ఫోటో తీశాం. కింద "43 మంది ప్రభువును అంగీకరించారు" అని రాసి, జిల్లా పేరుతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టాం. వాళ్ళలో చాలామంది విశ్వాసుల పిల్లలే. మిగతావాళ్ళు పక్కింటి బౌద్ధుల పిల్లలు. ఫోటో బెంగళూరు, మద్రాసు, బళ్ళారి అన్నీ తిరిగింది. హల్లెలూయాలు వందలు.

నెల తిరక్కుండా, 2016 జూన్‌లో, పక్కనే ఉన్న దోలఖా జిల్లా చరికోట్‌లో ఎనిమిది మంది క్రైస్తవుల మీద కేసు పెట్టారు. భూకంపానికి బెదిరిన బడి పిల్లలకు ధైర్యం చెప్పే కార్యక్రమంలో యేసు కథ బొమ్మల పుస్తకం పంచారన్నది అభియోగం. కొత్త రాజ్యాంగంలో 26వ అధికరణం ఒకరిని మతం మార్చడాన్ని నిషేధిస్తుంది. అది వచ్చాక పెట్టిన మొదటి కేసుల్లో ఇదొకటి. డిసెంబర్‌లో కోర్టు వాళ్ళను విడిచిపెట్టింది. కానీ ఆ ఆరు నెలలు ఆ కొండల్లో ప్రతి కాపరీ తలుపు చప్పుడైతే ఉలిక్కిపడ్డాడు.

మా కాపరి మిత్రుడు ఫోన్ చేశాడు. కోపం లేదు ఆ గొంతులో. "దాజ్యూ, ఆ పిల్లల ఫోటో తీసేయగలరా? చౌకీకి పిలిచి చూపించారు" అన్నాడు. దాజ్యూ అంటే అన్నయ్యా అని. వెంటనే తీసేశాం. "ఎంతమంది పంచుకున్నారు?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. ఆయన్ని రెండోసారి కూడా పిలిచారు. బౌద్ధుల పిల్లల తండ్రి ఒకాయన చౌకీకి వచ్చి, బిస్కెట్లే పంచారు, మా పిల్లల్ని ఎవరూ మార్చలేదు అని చెప్పబట్టి కేసు కాకుండా ఆగింది. మా అబద్ధపు 43 నుంచి మా సహోదరుణ్ణి కాపాడింది ఆయన.

ఆ తర్వాత చట్టం ఇంకా బిగిసింది. 2018 ఆగస్టులో అమల్లోకి వచ్చిన నేపాల్ శిక్షాస్మృతి మతం మార్చినందుకు ఐదేళ్ళ దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా అంటోంది. విదేశీయుడైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపించేస్తారు. కాగితం మీద అంతే. ఆచరణలో పది రోజుల అతిథికి తిరుగు టికెట్టు జేబులోనే ఉంటుంది. ఇల్లూ వాకిలీ ఉన్నవాడు దొరుకుతాడు.

ఇది బైబిల్లో లేని సంగతి కాదు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం తీయండి. థెస్సలొనీకలో పౌలు సమాజమందిరంలో మూడు విశ్రాంతిదినాలు మాట్లాడాడు. మన లెక్కలో అది షార్ట్ టర్మ్ ట్రిప్పే. అల్లరి లేచింది. మూక వెళ్ళి పడింది పౌలు మీద కాదు, ఆయన దొరకలేదు. వాళ్ళు పడింది యాసోను ఇంటి మీద. అతిథులకు చోటిచ్చిన నేరానికి యాసోనును, మరికొందరు సహోదరులను అధికారుల దగ్గరికి ఈడ్చుకెళ్ళారు, జామీను తీసుకుని వదిలారు. ఆ రాత్రే పౌలునూ సీలనూ బెరయకు దాటించారు. సువార్త మహాసభల్లో పౌలు సాహసం మీద వందల ప్రసంగాలు విన్నాం. యాసోను జామీను ఎంత కట్టాడు, ఎక్కణ్ణుంచి తెచ్చాడు, తర్వాత ఊళ్ళో ఎలా బ్రతికాడు అని అడిగిన ప్రసంగం ఒక్కటీ వినలేదు. థియాలజీ చదువుకున్న నాలుగేళ్ళలో మేమూ అడగలేదు.

పౌలుకు మాత్రం ఆ బాధ ఉంది. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక రెండు, మూడు అధ్యాయాలు చూడండి. మళ్ళీ రావాలని ఎంత కొట్టుకున్నాడో, ఉండబట్టలేక తిమోతిని ఎలా పంపాడో. వాళ్ళు ఎలా ఉన్నారో కబురు తెలిసేదాకా ఆయనకు ఊపిరాడలేదు. కొరింథులో ఏడాదిన్నర, ఎఫెసులో మూడేళ్ళు ఉన్నవాడు కూడా ఆయనే. తిరిగొచ్చాక మేం తిమోతిని పంపలేదు. స్లైడ్లు వేశాం.

ఇక్కడ మనల్ని మనం యాసోను చోట కూడా నిలబెట్టుకుని చూడాలి. మన ఊళ్ళకు క్రిస్మస్ ముందూ వెనకా బృందాలు రావడం మనకు కొత్తా? టూరిస్టు వీసా మీద వచ్చి వేదికెక్కి ప్రసంగించడం మన దేశ నిబంధనలకు విరుద్ధం, మిషనరీ వీసా వేరే ఉంది. ఆ సంగతి తెలిసీ పిలుస్తాం. పిల్లల్ని వరసగా నిలబెట్టి యాక్షన్ సాంగ్ చేయిస్తాం. వాళ్ళు విమానమెక్కుతారు, ఆ వీడియో మన తాలూకా పోలీసు స్టేషన్‌లో తేలుతుంది. బరంపురం, రాయగడ వైపు చదువరులకు ఇది మేం చెప్పనక్కర్లేదు. మతమార్పిడి మీద స్వతంత్ర భారతంలో మొదటి రాష్ట్ర చట్టం 1967లో వచ్చింది ఒడిశాలోనే. 2008లో కంధమాల్‌లో ఇళ్ళు తగలబడ్డప్పుడు అడవిలోకి పరిగెత్తింది స్థానిక దళిత, ఆదివాసీ విశ్వాసులు. ఇంత తెలిసిన మనం, సరిహద్దు దాటగానే ఆ తెల్లవాళ్ళ బృందంలాగే ప్రవర్తించామంటే దాన్ని ఏమనాలి?

1968లో ఇవాన్ ఇలిచ్ అనే కాథలిక్ గురువు, మెక్సికోకు సేవ చేయడానికి వేసవిలో వెళ్ళబోతున్న విద్యార్థుల ముందు నిలబడి మొహమాటం లేకుండా మాట్లాడాడు. చూడ్డానికి రండి, చదువుకోవడానికి రండి, కొండలెక్కండి, పూలు చూసి ఆనందించండి, సహాయం చేస్తామని మాత్రం రావద్దు అన్నది ఆయన మాటల సారం. కాలేజీ రోజుల్లో ఇది చదివి, గర్విష్ఠి మాటలు అనుకున్నాం. సింధుపాల్‌చోక్ తర్వాత మళ్ళీ చదివాం. ఇప్పుడు కూడా ఆయనతో పూర్తిగా ఏకీభవించం. ముసలాయన ఉమ్మేసిన ఆ టీ కొట్టు దగ్గరే, మరుసటి రోజు మాకు డబ్బు పుచ్చుకోకుండా టీ పోసిన అమ్మ కూడా ఉంది. మనుషులు మనుషుల దగ్గరికి వెళ్ళకూడదని ఎలా అంటాం? కానీ ఆ అమ్మ మాకు పెట్టింది. మేం ఆమెకు పెట్టినదేమీ లేదు.

అనాథాశ్రమ సందర్శన గురించి కూడా రెండు మాటలు. ఇది ప్రతి కరపత్రంలో ఉంటోంది. నేపాల్‌లో అనాథాశ్రమాల్లో ఎక్కువభాగం పర్యాటకులు తిరిగే కొద్ది జిల్లాల్లోనే ఉన్నాయి. అనాథలు అక్కడే ఎక్కువగా పుట్టరు కదా. వాటిలో ఉండే పిల్లల్లో అత్యధికులకు తల్లో తండ్రో బ్రతికే ఉన్నారు. కంబోడియాలో కూడా ఇదే సంగతి, యునిసెఫ్ ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది. చదివిస్తామని చెప్పి కొండ ఊళ్ళనుంచి పిల్లల్ని తెచ్చి, వచ్చే అతిథులకు చూపించే వ్యాపారం అది. మన పిల్లలు వెళ్ళి పాటలు పాడి, చాక్లెట్లు పంచి, వాళ్ళని ఎత్తుకుని ఫోటో దిగితే ఆ వ్యాపారానికి మనం గిరాకీ. ఈ ఒక్క విషయంలో మాకు రెండో అభిప్రాయం లేదు. కరపత్రంలో అనాథాశ్రమం ఉంటే సిఫార్సు ఉత్తరం రాయం.

అలాగని తెలుగు సంఘం ఇంట్లో కూర్చోవాలా? మన చరిత్ర అలా లేదు. 1860 నవంబర్‌లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది, ఒప్పంద కూలీలతో. తర్వాతి యాభై ఏళ్ళలో వేలమంది తెలుగువాళ్ళు నేటాల్ చెరకు తోటలకు, టీ తోటలకు వెళ్ళారు. వాళ్ళలో బాప్టిస్టులు, మాకు కాపరి కావాలని ఇక్కడికి కబురు పెట్టారు. 1903లో నెల్లూరు నుంచి తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సొసైటీ జాన్ రంగయ్య గారిని పంపింది. తెల్లదొరలు పంపిన మనిషి కాదు, తెలుగు సంఘాలు తమ పేదరికంలోంచి తీసిన కానుకలతో పంపిన మనిషి. ఆయన కియర్స్నీలో సంఘం స్థాపించాడు. కూలీల బారకాసులు తిరిగాడు. 1915లో అక్కడే కన్నుమూశాడు. పన్నెండేళ్ళు. ఆయన దగ్గర తిరుగు టికెట్టు లేదు. మన పిల్లలకు విలియం కేరీ తెలుసు, హడ్సన్ టేలర్ తెలుసు. రంగయ్య గారి పేరు సండే స్కూల్లో అడిగి చూడండి.

తమిళనాడు చదువరులకు అజరయ్య గారు తెలుసు. తిరునల్వేలి తమిళుడు, తెలుగు నేర్చుకుని దోర్నకల్ వచ్చాడు, 1912లో అక్కడే బిషప్పు అయ్యాడు. అంతకు రెండేళ్ళ ముందు ఎడింబరో మహాసభలో, మిషనరీల త్యాగాన్ని ఒప్పుకుంటూనే, వాళ్ళ దగ్గర దొరకని ఒక వస్తువు అడిగాడు. స్నేహం. సభలో చాలామందికి నచ్చలేదట. స్నేహానికి పది రోజులు చాలవు, పైగా అది ఒకవైపు నుంచి నడిచేది కాదు.

నేపాల్ సంగతే చూడండి. 1951లో రాణాల పాలన ముగిసేదాకా ఆ దేశం తలుపులు మూసే ఉన్నాయి. డార్జిలింగ్ వైపు ఉండే నేపాలీ క్రైస్తవులు ఏళ్ళ తరబడి సరిహద్దు ఇవతల ప్రార్థిస్తూ కాచుకుని, తలుపు తెరవగానే తమ మనుషుల దగ్గరికి వెళ్ళారు. 1954 నుంచి విదేశీ మిషన్లు ఆసుపత్రులు, బడులు నడిపాయి, మతం మార్చబోమని ప్రభుత్వానికి రాసిచ్చి మరీ. సంఘం పెరిగింది నేపాలీల చేతుల మీదుగా, జైళ్ళకు వెళ్ళిన నేపాలీల మీదుగా. ఆ సంఘానికి మన టీషర్టు కొరత ఎప్పుడూ లేదు.

మా ప్రయాణం పూర్తిగా వృథా అనలేం. ఎనిమిది మందిలో ఒక అబ్బాయి తిరిగొచ్చాక తమ అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌తో మాట్లాడటం మొదలుపెట్టాడు. అంతకు ముందు మూడేళ్ళు ఆ గేటులోంచే వెళ్ళాడు, ఆయన నేపాలీ అని తెలియదు. ఆయన దగ్గరే నేపాలీ నేర్చుకున్నాడు. వీధి చివర మోమోల బండి కుర్రాళ్ళు, హోటల్లో గిన్నెలు కడిగే పిల్లలు, ఇద్దరు చౌకీదార్లు కలిసి ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మా మందిరంలో కూడుకుంటున్నారు, వాళ్ళ భాషలో, వాళ్ళ నాయకత్వంలో. మన అబ్బాయి వెనక వరసలో కూర్చుంటాడు. జీతం ఎగ్గొట్టిన యజమాని దగ్గరికి వెళ్ళాల్సి వస్తే తోడు వెళ్తాడు, ఎందుకంటే కన్నడ అతనికే వచ్చు. ఇది మంచి ఫలమే. కానీ ఈ ఫలం కోసం చౌకీ మెట్లెక్కింది మరొకరు. ఆ వాచ్‌మన్ మాకు మొదటినుంచీ నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు.

2019లో ఆ కాపరి కూతురి వైద్యం కోసం బెంగళూరు వచ్చి, మూడు వారాలు ఉన్నాడు. హోటల్ వద్దన్నాడు. ఐదు వందలిచ్చిన అక్క ఇంట్లోనే దిగాడు, ఒకే గది ఇల్లు. ఆమెకు హిందీ రాదు, ఆయనకు తెలుగు రాదు. పొద్దున్నే ఆమె చీపురు పట్టుకుని వెళ్తుంటే ఆయన ఒక రోజు వెంట వెళ్ళి చెత్త బండి తోశాడు. మేస్త్రీ బహదూర్ అనుకుని సూపర్‌వైజర్ కేకలేశాడట. అక్క ఆయన్ని అడిగించిన మొదటి ప్రశ్న, "గుడి పైకప్పు కారుతోందా?" అని. "ఇప్పుడు కారట్లేదు, మళ్ళీ వేసుకున్నాం" అన్నాడు. ఎందుకు మళ్ళీ వేయాల్సి వచ్చిందో అప్పుడే మాకు తెలిసింది. బియ్యం అప్పు సంగతి కూడా.

ఇక ఈ ఏడాది పిల్లల ఉత్తరం. వెళ్ళొద్దని మేం శాసించలేదు, పద్దెనిమిది నిండినవాళ్ళు. మేం కోరినవి కొన్నే. మిమ్మల్ని పిలిచింది ఎవరు, ఆ దేశపు సంఘమా, ట్రిప్పు నడిపే సంస్థా? ఆ డబ్బులో ఎంత అక్కడ మిగులుతుంది, లెక్క చూపించండి. ఎనిమిది మంది పది రోజులు వెళ్ళే బదులు ఇద్దరు ఆరు నెలలు భాష నేర్చుకుని వెళ్ళగలరా? చేతిపని తెలిసిన మేస్త్రీ వస్తానంటే అతని కూలి నష్టం సంఘం భరిస్తుంది, మీలో ఒకరు సీటు వదులుకుంటారా? వచ్చే ఏడాది వాళ్ళు మన ఇళ్ళకు వస్తే ఎవరి ఇంట్లో దిగుతారు? పిల్లల ఫోటోలు, మారుమనస్సు పొందినవాళ్ళ అంకెలు, ఊరి పేర్లు బయటపెట్టకూడదు, ఆ కాపరి సరే అన్నా సరే. మొహమాటానికి సరే అంటారు, రేకుల దగ్గర నేర్చుకున్నాం.

పిల్లలు వాదించారు. వాదించనీ, మంచిదే. "అన్నీ ఇలా ఆలోచిస్తే ఎవరూ ఎక్కడికీ వెళ్ళరయ్యా" అన్నాడొకడు. రంగయ్య గారు వెళ్ళారు కదా అన్నాం. "ఆయనకు ఉద్యోగం లేదేమో" అని నవ్వాడు. మేమూ నవ్వాం.

చివరికి ఒక్కటి మాత్రం చేస్తామన్నారు. మీకు చోటిచ్చే కాపరి పేరు, ఫోన్ నంబరు కనుక్కోండి, మనం ఇక్కణ్ణుంచే ఆయనతో ఒక్కసారి మాట్లాడదాం అన్నాం. ఆ అమ్మాయే సంస్థకు మెసేజ్ పెట్టింది. స్థానిక కాపరి వివరాలు పూర్తి డబ్బు కట్టాక ఇస్తామని జవాబొచ్చింది. డబ్బు కట్టడానికి ఈ నెలాఖరు గడువు. ఉత్తరం ఇంకా రాయలేదు.